కౌన్సెలరు లేని కౌన్సెలింగు

కొన్ని పరదేశపదములు మన భాషలో ప్రవేశించునపుడు తమ యసలు అర్థమును గుమ్మము కడనే విడిచి లోనికి వచ్చును. ‘కౌన్సెలింగు’ అట్టి పదము. ఇంగ్లీషు నెరిగినవారి కది ఆలోచన చెప్పుట, హితము పలుకుట. మన తెలుగునాట దానికి వేరొక యర్థ మేర్పడినది. ప్రవేశపరీక్ష వ్రాసిన పిల్లవాడు తొలిదినములలో వరుసలలో నిలువబడి, తరువాతి దినములలో కంప్యూటరు ముందు కూర్చుండి, వందలకొలది కళాశాలల సంకేతాక్షరములను ఒకదాని క్రింద నొకటి పేర్చి, ఏ సీటు వచ్చునో యని రాత్రులు మేలుకొనుటకు కౌన్సెలింగని పేరు. ఈ తంతులో హితము పలుకువా డెవ్వడును లేడు. 1986లో ఉమ్మడి యాంధ్రప్రదేశమున ఎంసెటు మొదలైనది. 2024లో తెలంగాణమున దాని పేరు ఈ.ఏ.పి.సెటుగా మారినది. పేరు మారినను లోపము మారలేదు.

హైదరాబాదు నగరమునకు తూర్పున లాలాపేట గలదు. ఒకవైపు నిజాము కాలమునాటి లాలాగూడ రైల్వే కర్మాగారము, వేరొకవైపు నాచారము పారిశ్రామికవాడ, నడుమ విజయ పాలకేంద్రము. ఈ పేటలోని వారిలో పెక్కురు వీనినే నమ్ముకొని బ్రతికిన కుటుంబములవారు. ఇచ్చటినుండి కొలది మైళ్లలోపల ఎన్ని సరస్వతీమందిరము లున్నవో పాఠకులు ఒక్కమారు మనసున లెక్కించి చూతురు గాక! 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయ మున్నది. తార్నాకలో 1958లో కూనూరునుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ యున్నది. భూభౌతిక పరిశోధనాలయము, రసాయన పరిశోధనాలయము, జీవకణ పరిశోధనాలయము ఒకే బాటపై నున్నవి. పరభాషలను బోధించు కేంద్ర విశ్వవిద్యాలయము నిచ్చటనే యున్నది. దేశ దేశముల పండితులు విమానములెక్కి వచ్చి చూచిపోవు స్థలము లివి. వీని ప్రహరీగోడల ప్రక్కగా ప్రతిదినము బస్సులో పోవు లాలాపేట పిల్లవానికి లోపల నేమి జరుగునో తెలియదు. అందు చేరుటకు ఏ చదువు కావలెనో, ఆ చదువునకు పదియవ తరగతి పిమ్మట ఏ దారి బట్టవలెనో చెప్పువారు లేరు. గోడ కీవల నున్నవానికి గోడయే తెలియును.

గత వేసవిలో మేమచ్చట నొక మిత్రుని యింట గూర్చుండగా, నాచారములోని యొక కర్మాగారమున పనిచేయు పొరుగింటి గృహస్థు వచ్చెను. వారి కుమార్తె పదియవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నదట. సంతోషించి, ఏ గ్రూపులో చేర్చితిరని యడిగితిమి. ఎం.పి.సి. యనెను. కారణ మడుగగా, ‘మాకేమెరుక సారూ! ఆయన నాలుగుసార్లు ఇంటికొచ్చిండు. ఇప్పుడు గడితే ఫీజు తగ్గిస్తమన్నడు. పేరు రాయిచ్చినం’ అని బదులు చెప్పెను. బిడ్డ యభిప్రాయ మేమని మరల నడిగితిమి. ఆయన కొంచెము తడవు ఊరకుండి, ‘బిడ్డ డాక్టరు గావాలంటది’ అనెను.

డాక్టరు కాదలచిన బిడ్డను జీవశాస్త్రము లేని గ్రూపులో చేర్చిరి. మొదటి కంతునకై తల్లి నగ కుదువకు బోయినది. ఆ తండ్రి యవివేకి కాడు. యంత్రము కొనుటకు యజమాని తన్ను సంప్రతించునని మిత్రుడు మాతో జెప్పెను. తన కెరుకగల పనిలో ఇతరులకు సలహా చెప్పగలవాడే. తన కెరుకలేని పనిలో తనకు సలహా చెప్పినవాడు మాత్రము ఒక్కడే, వా డా సలహాను అమ్ముకొనువాడు.

ఆ ‘ఆయన’ ఎవరో పట్టణవాసులకు మేము చెప్పనక్కరలేదు. పెద్ద పెద్ద జూనియరు కళాశాలలవారు పి.ఆర్.ఓ. లను పేరుతో మనుష్యులను బెట్టి, పదియవ తరగతి పిల్లల జాబితాలను సంపాదించి, ఇంటింటికి బంపుచున్నారు. ఇన్ని పేర్లు తేవలెనని వానికి లెక్క గలదు. తెచ్చిన పేరునకు ప్రతిఫలము గలదు. అతడును పొట్టకూటికై తిరుగువాడే. అతనిపై మాకు కోపము లేదు. కాని ఆ పిల్లకు జీవశాస్త్రముపై మక్కువయా, గణితముపై మక్కువయా యని విచారించుటకు అతనికి జీతము లేదు. తన కళాశాలలో ఏ గ్రూపున సీట్లు మిగిలినవో ఆ గ్రూపే అతని కన్నుల బడును.

మా పాఠకులలో భూములుగలవారు పెక్కురు గలరు. వారి ననుభవ మడుగుచున్నాము. తొలకరికి విత్తనములు కొనునపుడు మీరేమి చేయుదురు? పొరుగు రైతు నడుగుదురు, నిరుడు వేసినవాని చేను చూతురు, వ్యవసాయాధికారి కనబడిన నతని నడుగుదురు, పిమ్మట కొట్టుకు బోదురు. ఒక పంట పోయిన మరుసటి యేడు మరల విత్తవచ్చును. అయినను అంత విచారణ! కొడుకును కూతురును పట్టణమున చదివించుటకు ఎకరమో అరయెకరమో అమ్మి లక్షకు మించిన రుసుము కట్టునపుడు మాత్రము, విత్తనము మంచిదా యని కొట్టువాని నొక్కనినే అడిగి యింటికి వచ్చుచున్నారు.

పదునైదేండ్ల ప్రాయమున చేయు నీ నిర్ణయము చిన్నది కాదు. ఎం.పి.సి., బైపీసీ, ఎం.ఈ.సి., సి.ఈ.సి., హెచ్.ఈ.సి. — ఈ పొడియక్షరములలో నేది వ్రాసిన ఏ తలుపు మూయబడునో, ఏది తెరచియుండునో చాలమంది తలిదండ్రులకు తెలియదు. ఎం.పి.సి. చదివినవారికి బి.ఫార్మసీలో ప్రవేశము గలదని యెందరికి దెలియును? ఇంజనీరు కావలెనన్న ఇంటర్మీడియటు చదివియే తీరవలెనను భ్రమ యెంతటిది! పదియవ తరగతి పిమ్మట పాలిసెటు వ్రాసి ప్రభుత్వ పాలిటెక్నికులో డిప్లొమా చదివి, ఆపై ఈసెటు ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగా చేరవచ్చును. 2008లో నెలకొల్పిన బాసర విశ్వవిద్యాలయమున పదియవ తరగతి మార్కులను బట్టియే ఆరేండ్ల ఇంజనీరింగు చదువునకు తీసికొందురు. లాలాపేటకు దాపుననే చర్లపల్లిలో ప్లాస్టిక్కు పరిశ్రమకు కావలసినవారిని తయారుచేయు కేంద్రప్రభుత్వ సంస్థ సిపెటు గలదు. బాలానగరున పనిముట్ల రూపకల్పన నేర్పు మరియొక కేంద్రసంస్థ గలదు. రెంటను పదియవ తరగతివారికి డిప్లొమాలు గలవు. నాచారము, మల్లాపురము, చర్లపల్లి వాడలలో పనిచేయు తండ్రులు, తాము నడుపు యంత్రములను రూపొందించు విద్య తమ బిడ్డలకు బస్సు దూరములో నున్నదని యెరుగక, దూరపు హాస్టలులో రుసుము గట్టి వచ్చుచున్నారు. న్యాయవాది కాదలచినవానికి శామీరుపేటలోని నల్సారు పేరు వినబడదు. శాస్త్రమును శాస్త్రముకొరకే చదువదలచిన పిల్లకు తిరుపతిలోని ఐసరు సంగతి చెప్పువారు లేరు. ఇంజనీరు, డాక్టరు అను రెండు మాటలు దప్ప మూడవ మాట మన యిండ్లలో పుట్టుటయే లేదు.

నష్టము గ్రూపుతో నాగదు. తెలంగాణ ప్రభుత్వము 2024లో ఒక నియమము చేసినది. వైద్యకళాశాలలలో స్థానికుల సీటు కోరువారు, అర్హతపరీక్షతో ముగియు వరుస నాలుగేండ్లు ఈ రాష్ట్రముననే చదివియుండవలెను. దీనిని సుప్రీమ్ కోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించినది. నియమము మంచిదా చెడ్డదా యనుట వేరు వాదము. కాని మన పట్టణవాసులలో కలిగినవారు బిడ్డలను ఇంటర్మీడియటుకై కోటాకో విజయవాడకో పంపుట పరిపాటి. అట్లు పంపినచో, కొలది మినహాయింపులు దప్ప, సొంత యూరి సీటునకే పరాయివారగు ప్రమాద మున్నదని తొమ్మిదవ తరగతిలో నున్నప్పుడే ఆ తండ్రిని పిలిచి చెప్పవలసినవా డెవ్వడు? హాస్టలు కంతులు వసూలు చేయువాడు చెప్పునా?

బీదవారి కష్టములు ఇంకను చిన్నవిగా గనబడును, గాని గట్టివి. ఎనిమిదవ తరగతిలో వ్రాయు జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్షలో నెగ్గిన బిడ్డకు తొమ్మిదినుండి పండ్రెండవ తరగతి వరకు ఏటికి 12,000 రూపాయలు వచ్చును. గడువు దాటిన పిమ్మట దాని పేరు విన్న కుటుంబము లెన్నియో! ఆదాయ ధ్రువపత్రము లేక రుసుము వాపసు రాదు. ఆధారులో నొక విధముగా, పదియవ తరగతి మెమోలో నొక విధముగా పేరుండుటచేత మీసేవ కేంద్రమునకును కళాశాలకును నడుమ తిరుగుచు కూలిదినములు పోగొట్టుకొను తండ్రులను మేమెరుగుదుము. ఒక్క యక్షరపు తప్పు ఎనిమిదవ తరగతిలో దిద్దిన ఒక్క పూట పని. సీటు వచ్చిన పిమ్మట దిద్దబోయిన సీటే పోవచ్చును. ఇట్టి పనులు మహోపన్యాసములలో చోటు చేసికొనవు. కళాశాల మెట్టెక్కుటకు ముందు జరుగవలసిన సంసిద్ధతలో సగభాగ మిదియే.

పూర్వ మిట్టి మార్గదర్శకులు మనకు బొత్తిగా లేకపోలేదు. నిజాము రాజ్యమున ఉస్మానియాలో ఉర్దూ భాషలో బోధన జరుగుచుండగా, తెలుగు పల్లెలనుండి నగరమునకు వచ్చిన బాలునకు భాషయు కొత్త, బాటయు కొత్త. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి చోట్ల పెద్దలు కలిసికొనుచుండిరి. 1918లో, పిమ్మట నగరమునకు కొత్వాలైన రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహ మేర్పడినది. సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దానికి కార్యదర్శిగా నుండిరి. పల్లెబాలునకు అన్నముతోపాటు, ఏమి చదువవలెను, ఎక్కడ చేరవలెను అను మాటయు అట్టి పెద్దలవద్ద దొరకుచుండెను. 1938లో వందేమాతర గీతము పాడినందుకు ఉస్మానియానుండి వెడలగొట్టబడిన విద్యార్థులను నాగపురి విశ్వవిద్యాలయము చేర్చుకొన్నది. ఆ ఉద్యమమున పాల్గొన్నవారిలో నొకరైన పి.వి. నరసింహారావుగారు పిమ్మట దేశమునకు ప్రధానమంత్రి యైరి. ఒక తలుపు మూయబడినపుడు, వేరొక తలుపు ఎక్కడ నున్నదో తెలియుట ఆ యువకుల బ్రదుకులను నిలిపినది. అయితే సత్యమును దాచుట తగదు. ఆనాటి వసతిగృహములు పెక్కులు కులముల పేరనే వెలసినవి. తనవారు పట్టణములో లేని కులములో పుట్టిన బాలుని కా నీడ దక్కలేదు. నేడు మేము కోరు మార్గదర్శకుడు అందరి పిల్లలకును సమానుడై యుండవలెను. అందుచేతనే అతడు ప్రభుత్వపాఠశాలలో నుండవలెననుచున్నాము.

ఇది క్రొత్తగా పుట్టిన యూహ కాదు. 1908లో అమెరికాలోని బోస్టను నగరమున ఫ్రాంకు పార్సన్సను నాయన పనిలో బ్రవేశించు బీదయువకులకు దారి జూపుటకై యొక కార్యాలయము నెలకొల్పెను. 1957లో రష్యావారు స్పుత్నికును ఆకాశమున కెగయవేయగా, అమెరికావారు కలవరపడి 1958లో చేసిన విద్యాశాసనములో, ప్రతిభగల బిడ్డలను కనిపెట్టి కళాశాలలకు బంపుటకు ఉన్నతపాఠశాలలలోని మార్గదర్శకులకై ద్రవ్యము కేటాయించిరి. గగనమున కెగయుటకు శాస్త్రజ్ఞులు కావలెను, శాస్త్రజ్ఞులు కావలెనన్న పల్లెబడిలోని పిల్లవానితో నెవ్వడో ఒకడు ముందుగా మాటలాడవలెనని వారు గ్రహించిరి. ఆ మార్గదర్శకుడు తొమ్మిదవ తరగతినుండి బిడ్డ చదువును గమనించును, ఏ పాఠ్యాంశములు తీసికొనవలెనో చెప్పును, కళాశాలకు సిఫారసు లేఖ వ్రాయును, ద్రవ్యసహాయపు దరఖాస్తు నింపుటలో తోడ్పడును. 250 మంది విద్యార్థుల కొక్క రుండవలెనని ఆ వృత్తివారి సంఘము కోరుచున్నది. నిజమునకు అంతకంటె చాల హెచ్చుమంది ఒక్కని పాలబడుచున్నారు. సంపన్నదేశమైన నేమి, అచ్చటను ఈ కొరత యున్నది.

మన దేశమున 1952–53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి యధ్యక్షతను కూర్చున్న మాధ్యమిక విద్యాసంఘము ఉన్నతపాఠశాలలకు మార్గదర్శకులు కావలెనని చెప్పినది. 1954లో ఢిల్లీలో ఇందుకొక కేంద్రకార్యాలయము వెలసినది. 1964–66 నాటి కొఠారీ సంఘము మన బీదతనమును గుర్తెరిగి, పది పాఠశాలల కొక్క మార్గదర్శకుడైనను తిరుగుచుండవలెనని, ఉపాధ్యాయు లతనికి తోడ్పడవలెనని సూచించినది. అప్పటినుండి ఆరు దశాబ్దములు గడచినవి. కేంద్ర మాధ్యమిక బోర్డుకు చేరిన పాఠశాలలకు కౌన్సెలరుండవలెనను నియమము గలదు. మన ప్రభుత్వోన్నతపాఠశాలలలో అట్టి యుద్యోగము సాధారణముగా లేదు. అనగా, ఇంట పట్టభద్రుడైన తండ్రియు, గోడమీద విశ్వవిద్యాలయ పట్టములును గల బిడ్డకు పాఠశాలలోను సలహాదారుడు గలడు. ఇంట నెవ్వరును లేని బిడ్డకు పాఠశాలలోను ఎవ్వరును లేరు!

సలహా అంగటి సరుకైనపుడు ఎంత దూరము పోవునో చూడవలెనన్న సముద్రము దాటవలెను. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడి చేసినపుడు, చిక్కుకొన్న విద్యార్థులలో తెలుగువారే పెక్కురు. దాని స్థాపకురాలికి 2014లో 16 సంవత్సరములకు మించిన శిక్ష పడినది. ఇంత జరిగినను మనకు బుద్ధి రాలేదు. 2019 జనవరిలో మిషిగనులోని ఫార్మింగ్టను విశ్వవిద్యాలయము బయటబడినది. అది విశ్వవిద్యాలయమే కాదు, అమెరికా ప్రభుత్వము వల పన్నుటకై నెలకొల్పిన పేరు మాత్రమే. అప్పుడు నిర్బంధింపబడిన విద్యార్థులు సుమారు 130 మంది, దాదాపందరును భారతీయులు. విద్యార్థులను సమకూర్చి ప్రతిఫలము పొందిరని ఎనిమిదిమందిపై నేరము మోపిరి. వల పన్నిన ప్రభుత్వము చేసినది ధర్మమా యని అచ్చటివారే ప్రశ్నించిరి. మన ప్రశ్న వేరు. లాలాపేటలో ఇంటికి వచ్చిన ‘ఆయన’కును, ఆ సముద్రపుటావలి దళారికిని భేద మేమి? ఒకడు గ్రూపు నమ్మును, ఒకడు వీసా నమ్మును. పదియవ తరగతిలో అడుగుట నేర్పనిచో, ఇరువదిరెండవ యేట ఆ యువకుడు అకస్మాత్తుగా అడుగనేర్చునా?

ఉపాధ్యాయు లీ పని చేయరాదా యని కొంద రందురు. చేయుచున్నవారు గలరు. తమ సొమ్ముతో దరఖాస్తు రుసుములు కట్టిన పంతుళ్లను మేమెరుగుదుము. కాని ఎన్నికల పని, జనాభా లెక్కల పని, సర్వేల పని వారిపైననే పెట్టి, పాఠముల పని కూడ వారిదే యని, ఇప్పుడు ఏటేట మారు ప్రవేశనియమముల నన్నిటిని కంఠస్థము చేయుమనుట న్యాయము కాదు. ధనవ్యయ మందురా? కొఠారీ సంఘము చెప్పిన లెక్కనే తీసికొందము. లాలాపేట, తార్నాక, నాచారము, మల్లాపురము, మౌలాలి — ఈ చుట్టుప్రక్కల ప్రభుత్వోన్నతపాఠశాలలకు కలిపి ఒక్కని జీతము ఖజానాకు భారము కాదు.

మరియొక సంగతి. 2023లో విశాఖపట్టణమున వైద్యప్రవేశపరీక్షకు చదువుచుండిన యొక బాలిక మరణించిన కేసులో, 2025 జూలై 25వ తేదీని సుప్రీమ్ కోర్టు దేశమందలి విద్యాసంస్థల కన్నిటికి మార్గసూత్రములు విధించినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న చోట మానసికారోగ్యమున శిక్షణ పొందిన కౌన్సెల రొకడైన నుండవలెనని, విద్యార్థులకును తలిదండ్రులకును వృత్తిమార్గములను గూర్చి క్రమముగా సలహా చెప్పవలెనని అందు గలదు. ఈ రెండు పనులును ఒకచోట చెప్పబడుట మాకు సమంజసముగా దోచినది. తనది కాని గ్రూపులో, తనది కాని పరీక్షకు, ఇంటివారి నగ కుదువబెట్టిన బరువు నెత్తిపై మోయుచు, తెల్లవారుజామునుండి అర్ధరాత్రి వరకు చదువు బిడ్డ మనసు నలిగిన పిమ్మట ఓదార్చుట మంచిదే. ఆ గ్రూపులో చేరకముందే ఒకడు మాటలాడియున్న ఆ యోదార్పు అవసరము చాలవరకు తగ్గును.

అయితే, మార్గదర్శకుడను పేరు పెట్టినంతమాత్రమున నెవ్వడును మార్గదర్శకుడు గాడు. అమెరికాలోని నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్సు తన యాత్మకథలో నొక సంగతి చెప్పెను. తరగతిలో ముందువరుసలో నుండిన తాను న్యాయవాది కావలెనని కోరగా, నల్లవానికది తగిన యాశ కాదని, వడ్రంగము నేర్చుకొమ్మని ఒక ఉపాధ్యాయుడు చెప్పెనట. మన దేశమున నిట్టి యుపాధ్యాయులకు కొరతయా? ‘ఆడపిల్లకు డిగ్రీ చాలును’, ‘నీ యింట నెవ్వరు చదివిరని నీకీ కోరిక’ అను మాటలు సలహా వేషమున వచ్చును. కావున ఈ యుద్యోగమునకు దీసికొనువానికి శిక్షణ యుండవలెను. ఏ కళాశాలనుండియు, ఏ శిక్షణాలయమునుండియు రూక ముట్టరాదని కట్టుబాటుండవలెను. ముట్టినచో ఉద్యోగము పోవలెను. ఆయన నిర్ణయింపరాదు, తలుపులన్నియు చూపవలెను. ఏ తలుపున బోవలెనో బిడ్డయు తలిదండ్రులును తేల్చుకొందురు.

ఈ పని ఎనిమిదవ తరగతిలో మొదలుకావలెను. ప్రతి బిడ్డకును ఒక పుట తెరచి, మక్కువ, మార్కులు, ధ్రువపత్రములు, ఇంటి స్థితి అందు వ్రాయవలెను. ఏడాది కొక్కసారి ఆ పిల్లలను తార్నాకలోని పరిశోధనాలయములకు, ఉస్మానియా కళాభవనమునకు, చర్లపల్లి సిపెటునకు తోడ్కొని పోవలెను. రాత్రి డ్యూటీ చేయు తండ్రులు రాగలిగిన వేళ చూచి తలిదండ్రుల సభ పెట్టవలెను. ఆ సభలో తల్లి మాటలాడవలెను, బిడ్డయు మాటలాడవలెను.

లాలాపేట బిడ్డ సంగతి చెప్పుట మరచితిమి. తరగతులు ఆరంభమై పదిదినములు కాకముందే తండ్రి కళాశాలకు బోయి గ్రూపు మార్చుమని కోరెనట. బైపీసీలో సీట్లు లేవనియు, కట్టిన రుసుము తిరిగి యీయబడదనియు వారు చెప్పిరి. ఆమె ప్రభుత్వ జూనియరు కళాశాలలో బైపీసీలో చేరినది. మొదటి కంతు పోయినది, నగ యింకను కుదువలోనే యున్నది.

పదియవ తరగతి పరీక్షలు మార్చి నెలలో ఆరంభమగును. పి.ఆర్.ఓ.లు అంతకు నెలల ముందే వీధులలో బయలుదేరుదురు. విద్యాశాఖవారు పది పాఠశాలల కొక్కరినైనను నియమింపదలచినచో, దసరా సెలవులు ముగియునప్పటికే ఆ మనిషి లాలాపేట పాఠశాలలో కూర్చుండునట్లు చేయవలెనని కోరుచున్నాము.